రిపోర్టులు పెరిగాయంటే పేషెంట్లు ఎక్కువ పడుతున్నట్టేనా?

ప్రశ్న: నేను మెడికల్ వార్డులో ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. ఉద్యోగం చేస్తూనే ఎంఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. మా వార్డులో ఒక పెద్దాయన రాత్రిపూట బాత్రూముకు వెళ్తూ పడి తుంటి ఎముక విరిగింది. ఆ తరువాత పేషెంట్లు పడిపోకుండా చూడటం మీదే థీసిస్ పెట్టుకున్నాను. సిస్టర్లందరికీ ట్రైనింగ్ ఇచ్చాను, పడినా, పడబోయి ఆగినా రిపోర్ట్ రాయమని చెప్పాను. ట్రైనింగ్‌కు ముందు మూడు నెలల్లో 5 రిపోర్టులు వస్తే తరువాత మూడు నెలల్లో 13 వచ్చాయి. దెబ్బలు తగిలినవి మాత్రం అప్పుడూ 3, ఇప్పుడూ 3. ముందు వార్డులో సగటున 22 మంది పేషెంట్లు ఉండేవారు, ఇప్పుడు 30 మంచాలూ నిండే ఉంటున్నాయి. మా నర్సింగ్ సూపరింటెండెంట్ గారు "ట్రైనింగ్ ఇచ్చాక ఇంకా ఎక్కువ పడుతున్నారేంటమ్మా" అని, రిపోర్టు రాసిన ఇద్దరు జూనియర్లకు మెమో ఇచ్చారు. గైడ్ మేడమ్ ఏమో "ఆ రిపోర్టుల జోలికి పోకు, సిస్టర్ల నాలెడ్జ్ స్కోరు ముందూ తరువాతా పోల్చి టి-టెస్ట్ చెయ్యి, పి వాల్యూ వస్తుంది, థీసిస్ అయిపోతుంది" అంటున్నారు. ప్రాజెక్ట్ ఆపేయాలా? గైడ్ చెప్పినట్టు చేయాలా?

సమాధానం:

సిస్టర్ గారూ, ఆపకండి. గైడ్ చెప్పిన టి-టెస్ట్ (రెండు సగటుల మధ్య తేడాను పరీక్షించే లెక్క) చేసుకోండి, దానివల్ల నష్టం లేదు, కానీ అదే థీసిస్ అనుకోకండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న అంకెలతో మీ ప్రాజెక్ట్ పనిచేసిందనీ చెప్పలేం, చెడగొట్టిందనీ చెప్పలేం. సూపరింటెండెంట్ గారు 5నీ 13నీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేశారు, గైడ్ గారు ఆ గొడవ మనకెందుకని పక్కకు తప్పుకున్నారు. అసలు ప్రశ్నేమో అలాగే ఉండిపోయింది: మీ వార్డులో పేషెంట్లు ఇప్పుడు ఎక్కువ పడుతున్నారా, తక్కువ పడుతున్నారా?

ఒక పడిపోవడం రిపోర్టుగా మారాలంటే ఎన్ని దాటి రావాలో చూడండి. ముందు ఎవరైనా చూడాలి, లేదా పేషెంటో అటెండెంటో చెప్పాలి. దెబ్బ తగల్లేదు కదా, ఇది రాయాల్సిన విషయమేనా అన్న అనుమానం తీరాలి. ఫారం ఎక్కడుందో తెలియాలి. డ్యూటీ దిగే వేళకి, హ్యాండోవర్ ఇస్తూ, మందుల చార్టులు పూర్తి చేస్తూ, అది రాసే ఓపిక ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, రాస్తే నా మెడకే చుట్టుకుంటుందేమో అన్న భయం ఉండకూడదు. మీ ట్రైనింగ్ వీటిలో దాదాపు అన్నిటినీ మార్చింది. అలాంటప్పుడు రిపోర్టులు పెరక్కపోతేనే ఆశ్చర్యపోవాలి. బీపీ క్యాంపు పెడితే బీపీ ఉన్నవాళ్ళు ఎక్కువ మంది బయటపడతారు, అంతమాత్రాన క్యాంపు వల్లే బీపీ వచ్చిందని ఎవరూ అనరు కదా.

రిపోర్టులు ఎంత తక్కువ పట్టుకుంటాయో చూపే ఒక లెక్క ఉంది, మీ సూపరింటెండెంట్ గారికి చూపించడానికి పనికొస్తుంది. 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని మూడు పెద్ద ఆసుపత్రుల 795 కేస్‌షీట్లను మూడు పద్ధతుల్లో పరిశీలించారు. సిబ్బంది తమంతట తాము రాసిన రిపోర్టుల్లో పేషెంటుకు హాని జరిగిన సంఘటనలు 4 కనిపించాయి. బిల్లింగ్ కోడ్ల ఆధారంగా కంప్యూటర్ పట్టుకున్నవి 35. శిక్షణ పొందినవాళ్ళు కేస్‌షీట్లు తిరగేసి, ఒక మందు హఠాత్తుగా ఆపేయడం, విరుగుడు మందు ఇవ్వడం లాంటి ఆనవాళ్ళు వెతికితే దొరికినవి 354. ఆ ఆసుపత్రులు నిర్లక్ష్యంగా నడిచేవి కావు, పేషెంట్ల భద్రత మీద బాగానే పని చేస్తున్నవే. అక్కడే రిపోర్టుల పరిస్థితి అలా ఉంటే, ట్రైనింగ్‌కు ముందు మీ వార్డులో మూడు నెలల్లో పడినవాళ్ళు ఐదుగురే అంటే నాకు నమ్మకం కుదరడం లేదు.

ఇంకొకటి కూడా ఉంది. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో రెండు ఆసుపత్రుల్లోని ఎనిమిది వార్డు బృందాలను పరిశీలించారు. ఒకరితో ఒకరు కలిసి బాగా పనిచేసే బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. తీరా చూస్తే తలకిందులుగా వచ్చింది, మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ కనిపించాయి. అక్కడ నిజంగా ఎక్కువ తప్పులు జరుగుతున్నాయా అని ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఇన్‌ఛార్జ్ అరవని చోట, తప్పు చెప్పుకుంటే సహాయం దొరికే చోట సిస్టర్లు పొరపాట్లను బయటపెట్టారు, భయం ఉన్నచోట దాచుకున్నారు. ఇది 1996లో అచ్చయింది. మీ వార్డులో ఆ మెమోలు ఏం చేస్తాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. వచ్చే మూడు నెలల్లో రిపోర్టులు 13 నుంచి 2కి పడిపోతాయి, సూపరింటెండెంట్ గారు సంతోషిస్తారు, పడేవాళ్ళు పడుతూనే ఉంటారు.

అయితే సిస్టర్ గారూ, రిపోర్టులు పెరగడం మంచి లక్షణం అని ఈ మధ్య అందరూ అనేస్తున్నారు, మీరు మాత్రం ఆ మాటను గొడుగులా పట్టుకోకండి. నిజంగానే ఎక్కువ మంది పడి ఉండవచ్చు. వార్డు నిండింది, సిస్టర్లు పెరిగారని మీరు రాయలేదు. అంటే ఒక్కొక్కరి చేతిలో ఎక్కువ మంది పేషెంట్లు, రాత్రి బెల్లు కొడితే వచ్చే లోపు ఆలస్యం, పేషెంటు తనే లేచి నడవడం. ఇదీ జరగవచ్చు, అదీ జరగవచ్చు. ఏది ఎంతో తేల్చడమే మీ థీసిస్.

మొదట చేతిలో ఉన్న అంకెలనే సరిగ్గా పెట్టండి. పడిపోవడాలను నెలల లెక్కన పోల్చరు, పేషెంట్లు వార్డులో గడిపిన రోజుల లెక్కన పోలుస్తారు. ముందు మూడు నెలలు 22 మంది, 90 రోజులు అనుకుంటే 1980 పేషెంట్-రోజులు. తరువాత 30 మంది, 90 రోజులు, 2700. 5 రిపోర్టులంటే వెయ్యి పేషెంట్-రోజులకు 2.5, 13 అంటే 4.8. పెరుగుదల ఉంది, కాకపోతే రెండున్నర రెట్లకు పైగా అనిపించింది రెండు రెట్ల లోపుకి వచ్చింది. దెబ్బలు తగిలినవి చూస్తే 1.5 నుంచి 1.1కి తగ్గాయి. నుదురు చిట్లి కుట్లు పడ్డా, ఎక్స్‌రేకి పంపినా దాన్ని దాచడం కష్టం, అందుకే దెబ్బలు తగిలిన కేసుల లెక్క సిస్టర్ల రాసే అలవాటును బట్టి అంతగా మారదు. కానీ మూడూ మూడూ! ఇంత చిన్న అంకెల్లో ఒక్క పేషెంటు అటూ ఇటూ అయితే లెక్కంతా మారిపోతుంది. కాబట్టి దెబ్బలు తగ్గాయని పోస్టరు వేయకండి, దెబ్బలు పెరిగాయన్న ఆధారం లేదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను: "పడబోయి ఆగినా రిపోర్ట్ రాయమని చెప్పాను." ట్రైనింగ్‌కు ముందు అలా రాసేవారా? రాసేవారు కాకపోతే మీ 5లో ఉన్నదీ 13లో ఉన్నదీ ఒకే రకం సరుకు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం మనిషి తన ప్రయత్నం లేకుండా నేల మీదకో, ఇంకేదైనా కింది మట్టానికో చేరితే అది పడిపోవడం. మంచం మీంచి జారి కింద కూర్చుండిపోయినా పడిపోవడమే. సిస్టర్ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చోబెట్టినా లెక్కలోకి వస్తుంది, కాకపోతే పక్కన "పట్టుకున్నారు" అని గుర్తు పెట్టుకోండి. తూలి గోడ పట్టుకుని నిలబడితే మాత్రం పడిపోవడం కాదు. ఈ గీత గీసి 13 రిపోర్టులనూ మళ్ళీ చదవండి. నాలుగైదు పక్కకు వెళ్ళిపోతే, మీ సూపరింటెండెంట్ గారి ప్రశ్నలో సగం అక్కడే తీరిపోతుంది. పక్కకు పెట్టినవాటిని పారేయకండి, ఏ మంచం దగ్గర, ఏ వేళకు తూలుతున్నారో చెప్పేవి అవే.

ఇక అసలు పని కేస్‌షీట్లలో ఉంది. విసుగు పుట్టించే పనే, నేను దాన్ని తీయగా చెప్పలేను. ట్రైనింగ్‌కు ముందు మూడు నెలలు, తరువాత మూడు నెలలు వార్డులో ఉన్న పేషెంట్ల కేస్‌షీట్లు తీయండి. అందరివీ కుదరకపోతే లాటరీ పద్ధతిలో కొన్ని తీయండి, చేతికి అందినవి మాత్రం తీయకండి, ఎందుకంటే చేతికి అందేవి ఎప్పుడూ ఏదో ఒక గొడవ జరిగినవే. నర్సుల నోట్సు, రాత్రి డాక్టర్ రాసిన నోట్సు, రాత్రిపూట హఠాత్తుగా రాసిన ఎక్స్‌రేలు, తల స్కాన్లు, డ్రెస్సింగులు చూడండి. "పేషెంట్ కింద కూర్చుని కనిపించారు" లాంటి వాక్యాలు దొరుకుతాయి, వాటికి రిపోర్టు ఉందా లేదా చూడండి. అప్పుడు మీకు రెండు అంకెలు వస్తాయి: ఎంతమంది పడ్డారు, అందులో ఎన్నింటికి రిపోర్ట్ వచ్చింది. ఉదాహరణకు ముందు కాలంలో కేస్‌షీట్లలో 12 దొరికి వాటిలో 5కే రిపోర్టు ఉండి, తరువాత కాలంలో 11 దొరికి 9కి రిపోర్టు ఉంటే, పెరిగింది రాయడమే గానీ పడటం కాదని తేలిపోయినట్టే. అటు కాకుండా రెండు కాలాల్లోనూ రిపోర్టు రాసే శాతం ఒకేలా ఉంటే నిజంగానే ఎక్కువ పడుతున్నారు, అప్పుడు థీసిస్ సంగతి తరువాత, ముందు సిబ్బందిని పెంచమని అడగాలి.

ఒక ఇబ్బంది ముందే చెప్తాను. ట్రైనింగ్ వల్ల సిస్టర్లు కేస్‌షీట్లలో కూడా ఎక్కువ రాస్తూ ఉండవచ్చు. అందుకే నర్సుల నోట్సులో దొరికినవీ, డాక్టర్ నోట్సు, ఎక్స్‌రే రిజిస్టర్లలో దొరికినవీ వేర్వేరుగా లెక్కపెట్టండి, మీ ట్రైనింగ్ డాక్టర్లకు ఇవ్వలేదు కదా. ఇంకా, కేస్‌షీట్లు చదివేది మీరొక్కరే అయితే నమ్మరు. మీ ప్రాజెక్టుతో సంబంధం లేని మరొకరు, వీలైతే ఏది ముందుదో ఏది తరువాతదో తెలియకుండా, కొన్నింటిని విడిగా చదివి మీతో ఎంతవరకు ఏకీభవించారో రాయాలి.

గైడ్ గారి టి-టెస్ట్ దగ్గరకొద్దాం. ట్రైనింగ్ ఇచ్చిన వారానికి అవే ప్రశ్నలతో పరీక్ష పెడితే స్కోరు పెరుగుతుంది, పెరక్కుండా ఉన్న థీసిస్ నేను చూడలేదు. పి వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.05 కంటే తక్కువ రావడం అక్కడ కష్టమేమీ కాదు. కానీ పరీక్ష రాసేది సిస్టరు, పడిపోయేది పేషెంటు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పెద్ద ట్రయల్ చూపించింది. ఆరు ఆసుపత్రుల్లోని 24 వార్డుల్లో చేసి 2016లో ప్రచురించారు. సగం వార్డుల్లో రిస్క్ స్కోరింగు, మంచం దగ్గర హెచ్చరిక బోర్డు, కిందికి దించిన మంచాలు, అలారాలు, బాత్రూములో తోడు ఉండటం లాంటివన్నీ పెట్టారు. సిస్టర్ల పని తీరు మారింది, వాటిని నిజంగానే ఎక్కువగా వాడారు. పడిపోవడాలు మాత్రం వెయ్యి పేషెంట్-రోజులకు ఇవి పెట్టిన వార్డుల్లో 7.46, ఏమీ కొత్తగా పెట్టని వార్డుల్లో 7.03. తేడా లేదు. మంచం అలారాల మీద విడిగా అమెరికాలో 16 వార్డుల్లో చేసిన ట్రయల్‌లో కూడా, 2012లో, అలారాల వాడకం పెరిగింది గానీ పడటం తగ్గలేదు. ఆ రెండు చోట్లా ఎవరైనా నాలెడ్జ్ స్కోరో, బోర్డులెన్ని పెట్టారన్న లెక్కో చూసి ఆపేసి ఉంటే గొప్ప విజయం అని రాసి ఉండేవారు.

తగ్గించినవి లేకపోలేదు. అదే ఆస్ట్రేలియాలో ఎనిమిది రిహాబిలిటేషన్ యూనిట్లలో, 2015లో ప్రచురించిన ట్రయల్‌లో, మాట అర్థం చేసుకోగల పేషెంట్లతోనే విడివిడిగా కూర్చుని, నువ్వు ఎప్పుడు ఎలా పడే ప్రమాదముంది, ఎప్పుడు బెల్లు కొట్టాలి అని మాట్లాడారు, సిబ్బందికి కూడా దాన్ని నిలబెట్టే శిక్షణ ఇచ్చారు. వెయ్యి పేషెంట్-రోజులకు 13.78 ఉన్నది 7.80 అయింది. నాకు ఇందులో నచ్చిన సంగతి వాళ్ళు దాన్ని చేసిన పద్ధతి. అన్ని యూనిట్లలో ఒకేసారి మొదలుపెట్టకుండా, చీటీ వేసి వంతులవారీగా ఒక్కొక్కదాన్నీ చేర్చుకుంటూ పోయారు. తమ వంతు రాని యూనిట్లే పోలికకు దొరుకుతాయి, చివరికి అందరికీ ప్రయోజనం అందుతుంది, ఎవరినీ వదిలేసినట్టు కాదు. మీ ట్రైనింగ్‌ని మిగతా వార్డులకు విస్తరించే ఆలోచన ఆసుపత్రికి ఉంటే, ఏ వార్డు ముందు అన్నది చీటీ వేసి తేల్చమని అడగండి. ఖర్చేమీ లేదు, మీ చదువు స్థాయికి మించిన పని కూడా కాదు. అది కుదరకపోతే కనీసం ట్రైనింగ్ అందని ఒక పక్క వార్డు లెక్కలు అవే ఆరు నెలలకు తీసి పక్కన పెట్టండి.

ఎందుకంటే ఒకే వార్డులో ముందూ తరువాతా పోల్చడంలో ఇంకో చిక్కుంది. మీరు ఈ పని మొదలుపెట్టింది ఒక పెద్దాయన తుంటి విరిగాక. చెడ్డ కాలం చూసి మొదలుపెట్టిన ఏ పనైనా తరువాత కొంత మెరుగైనట్టే కనిపిస్తుంది, ఏమీ చేయకపోయినా కనిపిస్తుంది, ఎందుకంటే చెడ్డ నెల పక్కన మామూలు నెల వస్తుంది కాబట్టి. మీ విషయంలో అంకెలు ఎదురు దిశలో వెళ్ళాయి గనక ఇప్పుడు ఇది మీకు పెద్ద సమస్య కాదు. దెబ్బల లెక్క రాసేటప్పుడు మాత్రం గుర్తుంచుకోండి, ఆ పెద్దాయన ముందు కాలపు మూడింటిలో ఒకరై ఉండవచ్చు.

సూపరింటెండెంట్ గారి దగ్గరకు వెళ్ళేటప్పుడు మూడు నెలల మొత్తాలు పట్టుకెళ్ళకండి. ఒక గ్రాఫ్ గీసుకెళ్ళండి. పడిపోవడాలు అరుదు కాబట్టి నెలకు ఎన్ని అని గీస్తే 1, 3, 0, 5 అని ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఎవరికి ఏది కావాలంటే అది కనిపిస్తుంది. దానికి బదులు ఒక పడిపోవడానికీ తరువాతి దానికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయో గీయండి, దెబ్బలు తగిలినవాటికైతే ఇంకా బాగా పనిచేస్తుంది. ఇందులో చుక్క పైకెళ్తే మంచిదే, ఎక్కువ రోజులు ఎవరూ పడలేదన్నమాట. మధ్యగతం (మీడియన్, సగం చుక్కలు పైన, సగం కింద ఉండే చోటు) గీత గీసి, వరుసగా ఆరు చుక్కలో అంతకంటే ఎక్కువో ఒకే వైపు పడితేనే ఏదో మారిందని అనుకోండి. రెండు చుక్కలు కిందికొచ్చాయని ట్రైనింగ్‌ని నిందించడం, రెండు చుక్కలు పైకెళ్ళాయని సన్మానం చేయడం, రెండూ ఒకటే.

అక్కడే మెమోల సంగతి ఎత్తండి. వాదనకు దిగకండి, "మేడమ్, రిపోర్ట్ రాసినందుకు మెమో వస్తే ఇక నాకు లెక్క దొరకదు, మీకూ దొరకదు" అని నేరుగా చెప్పండి. పేషెంటును కావాలని వదిలేసిన సిస్టరుకు మెమో ఇవ్వొద్దని ఎవరూ అనరు, దానికి విచారణ దారి వేరే ఉంది. రిపోర్టు ఫారాన్నే మెమోకి ఆధారంగా వాడనని ఆవిడ నోటితో సిస్టర్ల ముందు ఒక్కసారి అంటే చాలు, మీరు పది క్లాసులు తీసుకున్నా రాని మార్పు దానితో వస్తుంది. ఆ ఇద్దరు జూనియర్లతో మీరు కూడా మాట్లాడండి. మీరు రాయమంటేనే కదా వాళ్ళు రాసింది.

మీరు కొలవనిది ఒకటుంది, దాన్ని చేర్చండి. పడకూడదు అని ఒత్తిడి పెరిగినప్పుడు వార్డు ఏం చేస్తుందో మీకు తెలుసు. సైడ్ రెయిల్స్ (మంచం పక్క కడ్డీలు) ఎత్తేస్తారు, కొన్నిచోట్ల చేతులు కట్టేస్తారు, నడవగలిగిన పెద్దావిడకు కూడా బెడ్‌పాన్ ఇచ్చి మంచం దిగొద్దంటారు. ఎవరూ మంచం దిగకపోతే ఎవరూ పడరు. కానీ మంచానికి అతుక్కుపోతే వారంలోనే కాళ్ళ కండలు కరిగిపోతాయి, పుండ్లు పడతాయి, కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు, ఇంటికెళ్ళాక మొదటి రోజే బాత్రూములో పడతారు, అది మీ లెక్కలోకి రాదు. రెయిల్స్ మీంచి దూకబోయి పడితే మామూలుగా పడినదానికంటే ఎత్తు నుంచి పడతారు. కాబట్టి రోజూ ఒక నిర్ణీత వేళకు ఎంతమందికి రెయిల్స్ ఎత్తి ఉన్నాయి, ఎంతమందిని కట్టారు, నడవగలిగినవారిలో ఎంతమందిని ఆ రోజు నడిపించారు అని మూడు గడుల కాగితం మీద గీత పెట్టుకోండి. ఇది థీసిస్‌లో చాలామంది రాయరు, పరీక్షకులు అడిగితే మీ దగ్గర జవాబు ఉంటుంది.

చివరగా, కొంచెం ఇబ్బందికరమైన సంగతి. మీరు ఆ వార్డు ఇన్‌ఛార్జ్. డ్యూటీ లిస్టు వేసేది మీరు, సెలవు ఇచ్చేది మీరు, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమనేదీ మీరే అయితే జూనియరు వద్దని ఎలా అంటుంది? నాలెడ్జ్ పరీక్ష పేపర్లు, సమ్మతి పత్రాలు వార్డుతో సంబంధం లేని వేరే ఎవరైనా ఇచ్చి, పేర్లు లేకుండా కోడ్ నంబర్లతో తీసుకోవాలి, ఎవరు చేరారో ఎవరు చేరలేదో మీకు తెలియకూడదు. ఇప్పటికే పేర్లతో తీసుకుని ఉంటే ఆ విషయం గైడ్‌కి ఇప్పుడే చెప్పండి, వైవాలో బయటపడేకంటే నయం.

కేస్‌షీట్లు చూడటం మీ మొదటి సినాప్సిస్‌లో (థీసిస్ మొదలుపెట్టే ముందు ఇచ్చిన ప్రణాళికలో) లేదనుకుంటున్నాను. అలాగైతే వాటిని తెరవకముందే ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టండి: ఏ నెలలవి, ఎన్ని, ఏ వివరాలు రాసుకుంటారు, పేషెంటు పేరూ ఐపీ (అడ్మిషన్) నంబరూ ఎక్కడ విడదీస్తారు అన్నది ఒక పేజీలో రాస్తే సరిపోతుంది. నిర్వచనం కూడా ఆ పేజీలోనే పెట్టండి, తరువాత అంకెలు చూశాక దాన్ని మార్చుకునే వీలు లేకుండా.